మా గట్టుమీది పడిమొలక గోగు

గోగుపువ్వు తెల్లవారకముందే విచ్చుకుంటుంది. ఎండ చురుక్కుమనేసరికి రేకులు వాలుస్తుంది. మధ్యాహ్నం అన్నాలవేళకు కొమ్మ మీద మిగిలేది ముడుచుకుపోయిన వత్తిలాంటిది ఒకటి, అంతే. గోగు పండించే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో కూడా ఆ పువ్వు ముందు ఆగి నిలబడినవాళ్ళు తక్కువ. నేను నిలబడ్డాను. మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి నిలబెట్టింది.

మాది విజయనగరానికీ భీమిలికీ మధ్య ఒక మెట్ట పల్లె. చెరువు కింద నాలుగు మడుల వరి, మిగిలినదంతా గరువు, అంటే మెట్టనేల. ఆ గరువులో చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు), వేరుసెనగ, గోగు. నేను చెబుతున్నది 1970ల నాటి మాట. గోంగూర గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. గోగు, కూర కలిసి గోంగూర అయింది. తెలంగాణలో పుంటికూర అంటారు. పచ్చడి గురించి, పప్పు గురించి, పులుసు గురించి అందరూ రాశారు, ఇంకా రాస్తారు, రాయాలి కూడా. నాకు గోగు అనగానే ముందు చెరువు వాసన వస్తుంది. తరువాత తాతయ్య అరచేతుల్లో పురెక్కుతున్న నార కనబడుతుంది. ఆ తరువాత గట్టుమీది పువ్వు.

జ్యేష్ఠంలో తొలి వాన పడగానే గోగు చల్లేవారు. ఒత్తుగా చల్లాలి. ఒత్తుగా ఉంటేనే మొక్కకు పక్కకు కొమ్మలు వేసే చోటు దొరక్క, వెలుతురు కోసం నిటారుగా పైకి పోతుంది. అలా పోతేనే నార పొడుగ్గా వస్తుంది. శ్రావణానికి నా ఎత్తు, భాద్రపదానికి నాన్న ఎత్తు, దసరా నాటికి నాన్న చెయ్యెత్తినా అందనంత. గోగు చేల మధ్య బాటలో బడికి పోతుంటే ఆకాశం సన్నటి చారలా పైన కనబడేది. కాండం నిండా కంటికి ఆనని ముళ్ళుంటాయి. గౌను తగిలితే పట్టి లాగేవి. మోచేతులు ఎర్రగా గీసుకుపోయేవి. ఇంటికి రాగానే నాయనమ్మ కొబ్బరినూనె రాసేది.

ఇంత చేను ఉండీ పువ్వు ఎందుకు చూడలేదంటే, పూసే వేళకే కోసేసేవారు. మొగ్గలు విడుతున్నాయనగానే తాతయ్య కొడవళ్ళకు కక్కు కొట్టించుకుని వచ్చేవాడు. ముందే కోస్తే నారకు బలం ఉండదు, తూకం రాదు. పూర్తిగా పూసి కాయ పట్టేదాకా ఆగితే గరుకెక్కి తెల్లదనం పోతుంది. మొదటి పూలు కనబడే ఆ నాలుగు రోజులే అదను. అంటే ఎకరాలకు ఎకరాల చేను, వేల మొక్కలు, సరిగ్గా పూయబోతుండగా నేలకొరిగేవి. చిన్నప్పుడు నాకు అది వింతగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

పూర్తిగా పూసేవి గట్టుమీద పడి మొలిచినవే. కిందటేడు కాయలు పగిలి రాలిన గింజ ఎక్కడ పడితే అక్కడ, చోళ్ళమడి అంచున, తాటిచెట్టు మొదట్లో, బండిదారి పక్కన మొలిచేది. దాన్ని ఎవరూ విత్తలేదు, నీళ్ళు పోయలేదు, కలుపు తీయలేదు. ఒంటరిగా మొలిచింది కాబట్టి హాయిగా కొమ్మలు వేసేది. చేలోని గోగు, గట్టుమీది గోగు ఒకే జాతి అంటే తెలియనివాళ్ళు నమ్మరు. ఒకటి బారులో నిలబడ్డ బంట్రోతు, ఇంకొకటి చేతులు చాచి నిలబడ్డ ఆడపిల్ల.

ఆ పడిమొలకల మీద కొడవలి పడకూడదని నాయనమ్మ మాట. తాతయ్య ఊరంతటికీ చెప్పగలడు గాని ఆవిడ మాట దాటడు. కోతకు వచ్చిన కూలీలు ఊపులో గట్టుదాకా వచ్చేస్తే ఆవిడ అక్కడే నిలబడి, "అది మనం వేసింది కాదు, కొయ్యకండి" అనేది. వచ్చే ఏటికి విత్తనం వాటినుంచే తీసేది. పువ్వులూ వాటివే.

ఒకనాడు, దసరా వెళ్ళాక అనుకుంటాను, ఇంకా చీకటి విడకముందే నన్ను లేపింది. "అమ్మలూ, లే. గోగు చూద్దువు గాని" అంది. గట్లమీద మంచు. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ముందు నడిచింది. తాటిచెట్టు దగ్గర ఆగింది.

లేత పసుపు రేకులు అయిదు. తోడు పెట్టిన పాల మీద మీగడ కట్టినప్పుడు ఆ మీగడకు ఉండే పసుపు. ఒక రేకు అంచు పక్క రేకు మీదికి ఎక్కి, గాలిచక్రం రెక్కల్లా కాస్త మెలికగా. లోపల, బొడ్డు దగ్గర, వంకాయరంగుకూ నెత్తురురంగుకూ మధ్య ఒక ముదురు మచ్చ. ఆ మచ్చలోంచి సన్నగా పైకి లేచిన పసుపు కాడ, దానిచుట్టూ పుప్పొడి. నా అరచెయ్యి అంత పువ్వు. మంచు బొట్టు ఒకటి రేకు మీదినుంచి జారి ఆ మచ్చలోకి దిగి కనబడకుండా పోయింది. నాయనమ్మ ఏమీ మాట్లాడలేదు. చేత్తో ముట్టుకోనివ్వలేదు. తూర్పు ఎరుపెక్కాక తేనెటీగలు వచ్చాయి, అప్పుడు వెనక్కి వచ్చాం.

దారిలో ఇంకొకటి చూపించింది. ఆకును వెనక్కి తిప్పి, నడిమి ఈనె మీద, కాడకు దగ్గరలో గోటితో చూపించింది. గోటిగాటంత చిన్న గంటు. అందులో సూదిమొనంత తీపి నీరు. దానికోసం చీమలు బారు కట్టి ఎక్కుతున్నాయి. "పువ్వు దాకా పోలేనివాటికి ఆకులోనే పెట్టింది" అంది. చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చూశాను, అది నిజంగానే మకరంద గ్రంథి. గోగుకు ఆకు వెనకా ఉంటుంది, పువ్వు కింది పచ్చటి రక్షకపత్రాల మీదా ఉంటుంది. పుస్తకం చదివి నేను తెలుసుకున్నది ఏమిటంటే, నాయనమ్మ సరిగ్గా చూసిందని.

ఇంకో సంగతి కూడా ఆవిడకు తెలుసు. జ్యేష్ఠంలో మొలిచిన మొక్క తల ఎత్తితే గాని అందనంత ఉంటుంది, భాద్రపదంలో ఆలస్యంగా మొలిచింది మోకాలంతే ఉంటుంది. రెండూ ఇంచుమించు ఒకే వారంలో పూత మొదలుపెడతాయి. చిన్న మొక్క కూడా తొందరపడి, ఉన్న రెండు కొమ్మలకే మొగ్గ వేసేస్తుంది. "పొద్దు కుదించుకుపోతోంది కదా, దానికి తెలిసిపోతుంది" అనేది. శాస్త్రం చెప్పేదీ అదే. గోగుకు వయసు ముఖ్యం కాదు, పగటి నిడివి ముఖ్యం. పగలు పన్నెండున్నర గంటలకన్నా తగ్గితేనే పూతకు వస్తుంది. జ్యేష్ఠంలో విత్తినా, భాద్రపదంలో విత్తినా దసరా దాటితే గాని పూయకపోవడం అందుకే.

కోత అయిన చేను గురించి చెప్పాలి. కోసిన గోగును మోపులు కట్టి రెండు మూడు రోజులు చేలోనే పడేసేవారు. ఆకు వాడి రాలిపోయేది, ఆ నేలకే ఎరువు. తరువాత మోపులు బండ్ల మీద చెరువుకు. మొదలు దగ్గర బెరడు మందం కాబట్టి అది ఆలస్యంగా నానుతుంది. అందుకని ముందు మోపులను నీళ్ళలో నిలువుగా, మొదళ్ళు మాత్రమే మునిగేటట్టు రెండు రోజులు ఉంచేవారు. అప్పుడు పడుకోబెట్టి, పక్కపక్కన పేర్చి, తేలిపోకుండా రాళ్ళు పెట్టేవారు. ఇక పదిహేను రోజులు ఆ చెరువుగట్టున నడవాలంటే ముక్కు మూసుకోవలసిందే. ఆ వాసన ఎలాంటిదో రాయడం నా వల్ల కాదు. కుళ్ళిన ఆకు, బురద, ఏదో తీపి కలిసిన వాసన. నీళ్ళు నల్లబడేవి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేవి, పిల్లలం గంపలు పట్టుకుని దిగేవాళ్ళం. బట్టలకు, తలకు, అన్నానికి కూడా అదే వాసన అంటుకునేది. కొత్తగా కాపురానికి వచ్చిన మా పిన్ని ఆ పదిహేను రోజులూ అన్నం తినలేకపోయిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వాసన మళ్ళీ ఒక్కసారి వస్తే చాలు, నేను కళ్ళు మూసుకుని మా చెరువు రేవులో మెట్లు లెక్కపెట్టగలను.

తాతయ్య రోజూ వెళ్ళి ఒక కర్ర పైకి తీసి, మొదలు దగ్గర బెరడు గిల్లి లాగి చూసేవాడు. కర్రకు అంటుకోకుండా జారి వస్తే సరే. ఒక రోజు ముందు తీస్తే బెరడు ముక్కలు నారకు పట్టుకుని వదలవు. రెండు రోజులు ఆలస్యమైతే నార కూడా కుళ్ళి పిండిలా తెగుతుంది. ఆ రోజు ఏదో తాతయ్య చెప్పేవాడు, ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి అడిగేవారు. నడుములోతు నీళ్ళలో నిలబడి, గుప్పెడు కర్రల మొదళ్ళను చెక్కతో చితక్కొట్టి, మధ్యకు విరిచి, నారను చేతికి చుట్టుకుని నీటి మీద ముందుకీ వెనక్కీ ఈడ్చేవారు. పుల్లలు ఒక పక్కకు ఎగిరి పడేవి. చేతిలో జడంత నార మిగిలేది. జాడించి జాడించి ఒడ్డుకు విసిరితే నల్లటి నీళ్ళలోంచి అంత తెల్లటిది వచ్చిందా అనిపించేది. దండేలమీద ఆరవేస్తే ఎండకు పట్టులా మెరిసేది. నీళ్ళలో నిలబడ్డవాళ్ళ కాళ్ళు చేతులు మాత్రం చెడిపోయేవి. వేళ్ళ సందులు ఒరిసిపోయి రాత్రిళ్ళు మంటకు నిద్రపట్టేది కాదు. పసుపు, ఆముదం కలిపి రాసుకునేవారు. ఆ చేతులు గుర్తుపెట్టుకోకుండా ఆ నార తెల్లదనం గురించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

మిగిలిన పుల్లలు తేలికగా, తెల్లగా ఉండేవి. పొయ్యి రాజేయడానికి అంతకన్నా మంచివి లేవు. పిల్లలం విల్లంబులు చేసుకునేవాళ్ళం.

నారలో ఎక్కువ భాగం అమ్మకానికి పోయేది. ఇంటికి కావలసినంత తాతయ్య ఉంచుకునేవాడు. పొలం పనులు లేని మధ్యాహ్నాలు అరుగుమీద కూర్చుని తాళ్ళు పేనేవాడు. ఆయన రెండు పాయలు తీసుకుని అరచేతుల మధ్య వేసి రుద్దితే అవి ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పొడుగయ్యేవి. నులకయితే అంతే. ఎద్దుల పలుపు కావాలంటే ముప్పేట తాడు పేనాలి. మూడు పురులు ముందు విడివిడిగా పేని, ఒక చివర వేపచెట్టుకు కట్టి, రెండో చివర కర్రకు తగిలించి తిప్పాలి. ఆ కర్ర తిప్పడం నా పని. "అమ్మలూ, ఒకే పక్కకు తిప్పాలి. మధ్యలో ఆపకు. చెయ్యి వదిలితే ఇంతసేపటి పురి విడిపోతుంది" అనేవాడు. తాడు బిగుస్తున్నకొద్దీ నన్ను ముందుకు లాగేది. మడమలు నేలలో పాతి నిలబడేదాన్ని. ఆయన నడుమ నిలబడి, మూడు పాయలు సమంగా కలిసేటట్టు వేళ్ళతో దిద్దుకుంటూ వచ్చేవాడు. చివరికి వచ్చాక తాడును అరచేత్తో నిమిరి, లేచిన పోగులను మంటమీద ఒకసారి ఆడించి కాల్చేవాడు.

అలా మా ఇంట్లో ఎన్ని తాళ్ళు! చేంతాడు, పలుపులు, పగ్గాలు, ముకుతాళ్ళు, బండికి బిగించే మోకు, ఉట్టి, దండెం, మంచాల నులక. నేను పుట్టినప్పుడు కట్టిన ఉయ్యాల తాడు కూడా ఆయన పేనిందేనట. కనుమనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, కొత్త పలుపులు వేసేవారు. అవి ఆ ఏటి గోగు నారవే.

సంక్రాంతి దాకా గట్టుమీది గోగు పూస్తూనే ఉండేది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున ముగ్గుల్లో గొబ్బెమ్మలు పెట్టేవాళ్ళం కదా. బంతి, గుమ్మడి, బీర, గోగు, ఏది దొరికితే అది గొబ్బెమ్మ తలమీద గుచ్చేవాళ్ళం. బంతి రెండు రోజులుంటుంది. గోగు అలా కాదు, ముగ్గు పూర్తయి పాటలు పాడి ఇంట్లోకి వచ్చేసరికి వాలిపోవడం మొదలుపెడుతుంది. మా అక్క అందుకే గోగు వద్దనేది. నాయనమ్మ మాత్రం నడిమి గొబ్బెమ్మకు గోగుపువ్వే పెట్టేది. గట్టుమీదికి వెళ్ళి, పువ్వుకు చేతులెత్తి దణ్ణం పెట్టి, అప్పుడు తుంచేది.

తాతయ్య వాళ్ళ నాన్న నారను భీమిలికి తోలేవాడట. రాత్రి భోజనాలయ్యాక బండి కడితే తెల్లవారేసరికి సముద్రం కనబడేదని తాతయ్య చెప్పేవాడు. డచ్చివారి కాలంనుంచి ఓడలు ఆగిన రేవు భీమిలి. మన గోగునార అక్కడినుంచి ఓడలెక్కి పోయింది కాబట్టి పరదేశాల వర్తకంలో దాని పేరే 'బిమ్లిపటం జూట్', పొట్టిగా 'బిమ్లి'. మా చెరువులో నానిన నార మా రేవు పేరుతో పిలిపించుకుందని తెలిసిన రోజు నాకు కలిగిన గర్వం ఇంకా పోలేదు. దేశవిభజనతో జనపనార (జూట్) పండే భూములు ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయి, మిల్లులు కలకత్తా దగ్గర మిగిలిపోయాయి. ఆ కొరతలో గోగునారకు గిరాకీ పెరిగింది. మా పెంకుటిల్లు ఆ రోజుల్లో కట్టిందే. నెల్లిమర్ల, చిట్టివలస, బొబ్బిలి జూట్ మిల్లుల్లో మా చుట్టాలు చాలామంది పనిచేశారు. ఆమదాలవలస పరిశోధన కేంద్రంవారు ఏఎంవీ పేరుతో కొత్త గోగు రకాలు తీసుకువచ్చారు.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, నైలాన్ తాళ్ళు వచ్చాయి. ధాన్యానికి, పంచదారకు గోనెసంచులే వాడాలని 1987లో చట్టం వచ్చినా మా ఊళ్ళో గోగు తగ్గుతూనే పోయింది. చెరువుల్లో నానబెట్టేంత నీళ్ళు లేవు. ఆ నీళ్ళలో దిగేవాళ్ళు లేరు. దిగమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. గరువుల్లో సరుగుడు, జీడిమామిడి వచ్చాయి. తాతయ్య పోయాక మా ఇంట్లో తాడు పేనినవాళ్ళు లేరు.

ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం తెలుగు మాధ్యమంలో చదివాను. మాల్వేసీ కుటుంబం పాఠం రోజున మాస్టారు మందారం కోసి తెచ్చి, కేసరాలన్నీ ఒక గొట్టంలా కలిసిపోయి మధ్యలోని కీలాన్ని చుట్టుకుని ఉండటం చూపించారు. ఏకబంధక కేసరాలు అని బోర్డు మీద రాశారు. బెండ, పత్తి, మందారం, గోగు అన్నీ ఈ ఇంటివే అన్నారు. నాకు తాటిచెట్టు కింద మంచులో చూసిన పసుపు కాడ కళ్ళముందు నిలిచింది. గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా వేళ్ళు విప్పుకుని ఉంటుందని ఆ పేరు పెట్టారట. ఆ సెలవుల్లో ఇంటికి వెళ్ళి నాయనమ్మకు ఈ సంగతులన్నీ చెప్పాను. బెండకూ గోగుకూ చుట్టరికం అన్నప్పుడు తల ఊపింది. "పువ్వు చూస్తే తెలియదా" అంది.

కిందటేడు సంక్రాంతికి ఊరికి వెళ్ళాను. మా గరువు ఇప్పుడు మాది కాదు. ఇళ్ళ స్థలాలుగా కొలిచి రాళ్ళు పాతారు. తాటిచెట్టు లేదు. తమ్ముడు వద్దంటున్నా ఆ పక్కకు నడిచాను. ఒక సరిహద్దు రాయి పక్కన, కంకర గుట్టకు ఆనుకుని, నడుమెత్తు గోగు మొక్క ఎండిపోయి నిలబడి ఉంది. కొమ్మలు చాచుకుని. నాలుగైదు కాయలు. ఒకటి తెంపి నలిపాను. మొన ఉన్న కాయ అయిదు చీలికలుగా విచ్చింది, లోపల బూడిదరంగు మూడంచుల గింజలు. కాయమీది నూగు వేళ్ళలో దిగి సాయంత్రం దాకా దురద పెట్టింది. గింజలు చేతిరుమాలు కొసన ముడి వేసుకున్నాను. మిగతా కాయలు అక్కడే వదిలేశాను.

జ్యేష్ఠంలో ఇక్కడ, హైదరాబాదులో, మా మూడో అంతస్తు వసారాలో కుండీలో వేశాను. ఆరు మొలిచాయి. రెండు ఉంచాను. శ్రావణానికి ఆకు వేళ్ళు విప్పుకోగానే పక్కింటావిడ గ్రిల్ మీదుగా చూసి, "ఏమీ అనుకోకండి, ఇది గంజాయి కాదు కదండీ?" అని అడిగారు. ఒక లేత ఆకు తుంచి ఇచ్చి, "నమలండి" అన్నాను. పులుపు తగిలాక ఆవిడ ముఖం విప్పారింది. మెదక్ దగ్గరి పల్లె వారిది. "పుంటికూర" అన్నారు మెల్లగా. తరువాత ఆవిడే రోజూ నీళ్ళు పోశారు.

కార్తీకంలో ఒక రోజు సాయంత్రం మొగ్గ ఉబ్బి, కొసన పసుపు కనబడింది. మరునాడు అలారం పెట్టకుండానే నాలుగున్నరకు మెలకువ వచ్చింది. వసారాలో దీపం వెయ్యలేదు. పక్కింటావిడను కూడా పిలిచాను, శాలువా కప్పుకుని ఆవిడ గ్రిల్ అవతల కూర్చున్నారు. వెలుతురు వచ్చేసరికి పువ్వు విచ్చుకుని ఉంది. అదే మీగడ పసుపు, అదే మచ్చ. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. తరువాత నాకు ఎందుకో గుర్తుకు వచ్చి కింది ఆకు ఒకటి వెనక్కి తిప్పాను. మూడో అంతస్తు, సిమెంటు గోడ, ప్లాస్టిక్ కుండీ. ఈనె మీది గంటు దగ్గర రెండు చీమలు తల వంచుకుని తాగుతున్నాయి.